సాక్షి నూలు

అరగంట సేపు ఎవరూ నోరు విప్పకూడదట. హైదరాబాదు నుంచి వచ్చిన మేడం మర్యాదగానే చెప్పింది గానీ, చెప్పేటప్పుడు నా వైపే చూసింది. వచ్చి ఎంతసేపూ కాలేదు, అప్పుడే నా సంగతి పసిగట్టేసింది. మల్లక్క అరగంట నోరు మూసుకుందంటే ఎమ్మిగనూరులో మా నేసేవాళ్ల వీధిలో ఒక్కరూ నమ్మరు. మా ఆయన తిమ్మయ్య మగ్గం పక్క గోడకు ఆనుకుని మీసం కింద నవ్వు దాచుకుంటున్నాడు. నవ్వుకో సామీ, నవ్వుకో. పెళ్లైన నాటి నుంచి నీ వాటా మాటలు కూడా నేనే మాట్లాడుతున్నాను కదా, ఈ పూటకు నీ చెవులకు సెలవు. నేను కూడా కదలకుండా కూర్చుంటాను, కడప బండ మీద కాళ్లు చాపుకుని, చేతులు కొంగు కింద పెట్టుకుని, మా పాప దుర్గను చూసుకుంటూ. దుర్గ నన్ను చూడట్లేదు. మగ్గం గుంత మీద కప్పిన నల్ల కంబళినే చూస్తోంది. ఆ గుంతలో ముప్పై ఏళ్లుగా మా ఆయన కాళ్లు పెట్టుకుని నేశాడు, ఇవాళ అక్కడ గాజు గ్లాసులున్నాయి, గ్లాసుల్లో మేడం తెచ్చిన నీళ్లున్నాయి, ఒక్కో గ్లాసులో మా ఇంట్లో నేసిన గుడ్డ పట్టీ ఒకటి నానుతోంది. కొన్ని నీళ్లలో సీసం కలిపి ఉంది, కొన్ని ఉత్త నీళ్లు. ఏది ఏదో మేడంకు తప్ప ఎవరికీ తెలీదు. అరగంట నానాక కంబళి కింద తల పెట్టి, బ్యాంకుల్లో దొంగనోట్లు పట్టే వంగపండు రంగు దీపం వేసి, ఏ గ్లాసులో విషముందో ఏ గ్లాసులో లేదో మా దుర్గ చెప్పాలి. సరిగ్గా చెప్పిందా, మేడం వాళ్ల ఆఫీసు ఈ పట్టీల్ని ఊరూరికీ పంపుతుంది. తప్పు చెప్పిందా, నాలుగేళ్ల చదువు గంగపాలు.

తప్పు చెప్పదు. చెప్పదని నాకు తెలుసు. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, అననీ, నా పిల్ల కాకి కాదు. యూనివర్సిటీలో చేరి ల్యాబులో ఏం చేస్తున్నావే అని అడిగిన కొత్తలో ఏవేవో ఇంగ్లీషు పేర్లు చెప్పి, నా ముఖం చూసి ఆపేసింది. ఆపేసి, వంటింట్లోకి పోయి పళ్లెం తెచ్చింది. "మా, పసుపు నీళ్లల్లో సున్నం ఏస్తే ఏమైతాది?" అంది. "ఎర్రగైతాది. సిన్నబిడ్డను అడిగినట్ల అడుగుతావేందే?" అన్నా. "ఎందుకైతాది?" అంది. ఎందుకవుతుందో నేనెప్పుడు ఆలోచించాను, అవుతుంది, అయ్యాక దిష్టి తీసి వీధిలో పారబోస్తాం, అంతే కదా. "పసుపు సున్నాన్ని గుర్తు పట్టింది మా, అందుకే రంగు మారింది. నేను జేసే మందు సీసాన్ని గుర్తు పడతాది. అంతే నా సదువు." ఇంక ఆ రోజు నన్నెవరు ఆపగలరు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, మా దుర్గ సీసానికి ఎర్రనీళ్లు తీసే మందు కనిపెట్టిందని ప్రతి గడపలోనూ చెప్పొచ్చాను.

నేను రంగుల్లో పుట్టినదాన్ని. మా పుట్టింటివాళ్లు నూలుకు రంగులద్దేవాళ్లు, మా నాయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి, ఆ చేతులతో ముద్ద కలిపి పెడితే అన్నం నీలంగా ఉంటుందేమోనని చూసుకుని తినేదాన్ని. నెమలికంఠం, మామిడిపిందె, ఉల్లిపొర, అన్నీ కళ్లు మూసుకుని చెప్పేదాన్నని గర్వం నాకు. కానీ రంగంటే వెలుతురులో కనబడేదే అనుకున్నాను. చీకట్లో తనకు తానే వెలిగే రంగుంటుందని నాకు చూపించింది దుర్గే. దేవుడి గది తలుపు మూసి, దీపం ఆర్పి, ఆ వంగపండు టార్చి వేసింది. సీసం తాగిన నూలుపోగు కనకాంబరం రంగులో వెలిగింది, పూలబుట్టలో ఒక్క పువ్వు మాత్రమే మేలుకున్నట్టు. సీసం ఎక్కువుంటే పగలు కూడా లేత గులాబీ రంగు కనిపిస్తుందట, తక్కువుంటే మాత్రం ఈ దీపమే పట్టాలట. ఆ పోగు వైపు నేను చేతులు జోడించాను. "మా, అది దేవుడు కాదు" అని నవ్వింది. నాకు తెలీదా? దేవుడికే దండం పెట్టాలని ఎవరన్నారు, నా పిల్ల పనికి పెట్టకూడదా.

మేడం గడియారం చూసుకుంది. ఇంకా సగం కూడా కాలేదు. ఆమె వెనక ధనుంజయ సారు, దుర్గకు చదువు చెప్పే సారు, నూలు కండెల బుట్ట పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. పాపం మంచివాడే. కాగితం పట్టీలు చాలని మొదట అన్నవాడు ఈయనే. వడకట్టే కాగితం మీద మందు పూస్తే సరిపోతుంది, మగ్గమెందుకు, నేతెందుకు అన్నాడు. మా దుర్గ వినలేదు. కాగితం నీళ్లలో మెత్తబడి చిరుగుతుంది సార్, బోరింగు కింద కడవ పెట్టే ఆడమనిషి తడిచేత్తో పట్టుకుంటుంది, ఆ చేతికి గుడ్డ కావాలి, మా నాయన నేసిస్తాడు అందట. ఆ మాట ధనుంజయ సారే నాకు చెప్పాడు, చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు, దుర్గకు వినబడితే గర్వపడుతుందని కాబోలు. దుర్గ సంగతి పక్కన పెట్టు, నేను గర్వపడ్డాను చాలదా. మరమగ్గాలొచ్చి మా వీధిలో సగం గుంతలు పూడ్చేసి పైన టీవీ బల్లలు పెట్టుకున్నారు. మా గుంత పూడ్చలేదు. ఇవాళ ఆ గుంత కోసం హైదరాబాదు నుంచి కారొచ్చింది.

ఊరికే రాలేదు లే కారు, అనుమానంతో వచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికొస్తూనే మేడం అంది, "ల్యాబులో గ్లౌజులేసుకుని ఎవరైనా చేస్తారమ్మా. ఊళ్లలో ఆడవాళ్ల చేతుల్లో ఇది నిలబడుతుందా? నాకు తెలియాల్సింది అదొక్కటే." దుర్గ తల వంచుకుంది. నాకు చెప్పాలనిపించింది, ఊళ్లలో ఆడవాళ్ల చేతులంటే ఏమనుకున్నావు తల్లీ, మా పెద్దక్క చేతులు చూశావా అని. మా పెద్దక్క ఊరు కోసిగి అవతల. వాన మొహం చూడని ఊరు, దసరా దాటితే తాళాలేసుకుని జనమంతా సుగ్గికి పోతారు, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి. ఒక ఏడు ఎవరో వచ్చి ఊరి బయట రేకుల షెడ్డు వేశారు, పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే పని. పిల్లల్ని వదిలి దేశాలు పట్టి పోకుండా ఉన్న ఊళ్లోనే దుడ్లు అని అందరూ సంబరపడ్డారు. షెడ్డు పక్క బోరులో నీళ్లు అద్దంలా ఉండేవి, రుచిగా ఉండేవి, నేను కూడా తాగాను. పెద్దక్క మనవరాలు శివజ్యోతికి కడుపునొప్పి మొదలైంది. తిన్నది ఇమడదు, చదివింది గుర్తుండదు, ఆడుకునే పిల్ల గోడకు ఆనుకుని కూర్చునేది. దిష్టి అన్నాం. ఎర్రనీళ్లు తీశాం. మంత్రాలయం తీసుకెళ్లి మొక్కుకున్నాం. చివరికి కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూసి, పిల్ల ఒంట్లో సీసం ఉందన్నారు. షెడ్డు వాళ్లు రాత్రికి రాత్రి రేకులతో సహా మాయమయ్యారు. సీసం మాత్రం పోలేదు. ఊళ్లో ఏ బోరులో ఉందో, ఏ బోరులో లేదో ఎవరికి తెలుసు? నీళ్లు పట్టి పరీక్షకు పంపిస్తే, జవాబొచ్చేసరికి ఊరు సుగ్గికి పోయి తిరిగి వచ్చింది. అన్నాళ్లూ ఏం తాగాలి? నేనూ దుర్గా చూడబోయిన రోజు పెద్దక్క కడవ ముందు పెట్టుకుని, తాగాలా పారబోయాలా తెలీక అలాగే కూర్చుంది. దుర్గ ఆ కడవ వైపు చూసింది. అప్పుడే పట్టిందిలే దీనికి ఈ పిచ్చి. శివజ్యోతి ఇప్పుడు కోలుకుంది, నోటికి నాలాగే తయారైంది, ఆ సంతోషం ఎవరికి చెప్పుకోను.

ఎవరో దగ్గారు. మా ఆయన. నన్ను హెచ్చరించడానికి కాదులే, ఆయన చూపంతా మగ్గం మీదే ఉంది. ఈ గుడ్డ నేయడానికి ఆయన పడిన పాట్లు ఆయనకూ మా ఇలవేల్పు చౌడమ్మకూ తెలుసు. నూలుకు గంజి పెట్టకూడదంది కూతురు, సబ్బు తగలకూడదంది. గంజి లేని పడుగు నూలు మాటిమాటికి తెగేది, తెగినప్పుడల్లా నా వైపు చూసేవాడు, నేనేదో పళ్లతో కొరికినట్టు. అన్నిటికీ ఒప్పుకుని, పట్టీకి ఒక అంచున మందు నూలు వచ్చేలా ముచ్చటగా నేసి ఇచ్చాడు మొదటి తాను గుడ్డ. ఆ తానుతోనే వచ్చింది తంటా. కడపలో ల్యాబుకు తీసుకెళ్లి ఉత్త నీళ్లలో ముంచితే పట్టీలన్నీ వెలిగాయట. కనకాంబరం కాదు, పచ్చి నిమ్మకాయ రంగులో. సీసం ఉన్నా వెలుగు, లేకున్నా వెలుగు. మందు చెడిపోయిందన్నారు ఒకరు, కాగితం చాలని ముందే చెప్పాను కదా అన్నాడు ధనుంజయ సారు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ వాళ్ల నాయన చేతివేళ్లు చూసి ఆగిపోయింది. "నాయనా, పడుగు ఎక్కిచ్చేటప్పుడు ఏం జేసినావు?" "ఏం జేస్తా పాపా, ఎప్పుడూ జేసేదే. పసుపు కుంకుమ పెట్టి చౌడమ్మకు మొక్కినా." పిల్ల ఆ దీపం తెచ్చి ఆయన వేళ్ల మీద వేసింది. వేళ్లు పచ్చగా వెలిగాయి. పసుపుకు కూడా ఆ దీపం కింద వెలిగే గుణం ఉందట, చదువుకున్న అందరికీ తెలుసట, కానీ గుడ్డలో పసుపుంటుందని ల్యాబులో ఎవరికి తడుతుంది? ఇంకో వంద దేశాల్లో ఇంకో వందమంది పట్టీలు చేస్తుంటారు, ఈ తప్పు మాత్రం మా ఇంట్లోనే జరగాలి. ఆయనకు మాత్రం కష్టమే అయింది. "పసుపు లేకుండా పడుగు ఎక్కియ్యల్లా? చౌడమ్మ ఏమనుకుంటాది?" అని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి తనే దారి కనుక్కున్నాడు, పసుపు మగ్గం గుంజకు పెట్టి, చేతులు ముమ్మారు తోముకుని పడుగు ఎక్కించాడు. అప్పటి నుంచే దుర్గ పట్టీకి రెండో అంచు కూడా వేయించింది, ఏ మందూ లేని ఉత్త నూలుతో. ఇదెందుకే అంటే సాక్షి నూలు మా అంది. ఒంటి అంచైతే మోటుగా ఉంటుంది, అందానికి వేయించిందిలే అనుకున్నాను. అప్పటి నుంచి పట్టీని చేత్తో ముట్టనివ్వదు, చిన్న పట్టుకారుతోనే తీస్తుంది, పెడుతుంది.

చేత్తో ముట్టనివ్వదు.

అయ్యో. కొంగు కింద నుంచి చేతులు తీసి చూసుకున్నాను. బొటనవేలి గోరు మూల పచ్చగా ఉంది. పొద్దున మేడం వస్తుందని గడపకు పసుపు రాశాను, పెద్దమనిషి మొదటిసారి ఇంటికొస్తుంటే రాయరా? రాసి, చేతులు కడుక్కునే లోపలికొచ్చాను. అలమరలో స్టీలు డబ్బా, డబ్బాలో ఇవాళ్టి పట్టీలు. దుర్గ నీళ్లు పోసుకుంటోంది. డబ్బా తీసి చౌడమ్మ పటం ముందు పెట్టాను. అంతటితో ఊరుకోవచ్చు కదా. మూత తీసి పైనున్న పట్టీని రెండంచులూ కలిపి రెండు వేళ్లతో ఎత్తి, కళ్లకు అద్దుకుని, అందులోనే పెట్టేశాను. పసుపు ఒక కడుగుకు పోయేదా? నూలు చుట్టి చుట్టి నా బొటనవేలికి అడ్డంగా గాటు పడింది, ఆ గాట్లో చేరిన పసుపు పండగ దాటినా వదలదు. పైనున్న పట్టీ. ఇందాక డబ్బా మూత తీసినప్పుడు మేడం, "మొదటిది నేను తీస్తాను" అని పట్టుకారు అందుకుని, పైదాన్నే తీసి, చివరి గ్లాసులో వేసింది. నేను కళ్లారా చూశాను. చూసి మురిసిపోయాను కూడా, నా దండం మేడం చేతిమీదుగా పోయిందని.

ఇప్పుడు ఏం చేయాలి? చెబితే? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇదుగో చూడండి, ఊళ్లో ఆడవాళ్ల చేయి తగిలితే ఇంతే, నేననుకున్నదే అయింది అంటుంది మేడం, కారెక్కుతుంది. చెప్పకపోతే? ఆ గ్లాసులో ఉత్త నీళ్లుంటే, నా పిల్ల ఉత్త నీళ్లను విషమంటుంది. పెద్దక్క ముందు కడవ లాగే, తాగాలా పారబోయాలా తెలీని కడవ ఇప్పుడు నా ముందుంది. నోరు తెరిచాను. దుర్గ చటుక్కున తలెత్తి నా వైపు చూసింది, వద్దు అన్నట్టు కళ్లతోనే అంది. మూసుకున్నాను. నా జన్మలో నేనింత కష్టపడి చేసిన పని ఇంకోటి లేదు. అయినా నేనేం తప్పు చేశాను? గడపకు పసుపు రాయడం తప్పా? పిల్ల పని కళ్లకు అద్దుకోవడం తప్పా? రేపు ఈ పట్టీ కోసిగికి పోతే పెద్దక్క మాత్రం కళ్లకు అద్దుకోదా? అద్దుకుంటుంది. ఆమె చేతికి మాత్రం పసుపు ఉండదా? ఉంటుంది. అలాంటప్పుడు ఈ పట్టీలు ఏ చేతుల కోసం తల్లీ, ఏ చేతుల కోసం ఇన్నాళ్లూ నిద్ర మానుకున్నావు?

"టైమైంది" అంది మేడం.

నవ్వొచ్చే సమయం కాదు గానీ, ఇస్త్రీ నలగని చీర కట్టుకున్న అంత పెద్ద చదువుల మనిషి కడప బండ మీద బోర్లా పడుకుని కంబళిలో తల దూర్చింది. పక్కనే దుర్గ. రెండు జతల కాళ్లు బయట, రెండు తలలు లోపల. టార్చి నొక్కిన చప్పుడు. కంబళి లోపల నుంచి దుర్గ గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తోంది. ఇందులో సీసముంది. ఇందులో లేదు. ఇందులో ఉంది, శానా తక్కువ. మా ఆయన గోడ వదిలి ముందుకొచ్చాడు. ధనుంజయ సారు వేళ్లు విరుచుకుంటున్నాడు. చివరి గ్లాసు. దుర్గ కంటే ముందే మేడం గొంతు వచ్చింది.

"ఇదేమిటి? ఇది వెలుగుతోంది కదా!"

చౌడమ్మా, నా తల్లీ.

దుర్గ నవ్వింది. కంబళి కింద, అంత పరీక్షలో, కిసుక్కున నవ్వింది. "రెండంచులూ సూడండి మేడం. సీసముంటే మందు నూలుండే అంచు ఒక్కటే ఎలుగుతాది, కనకాంబరం రంగులో. ఇది ఇంకో రంగు, పైగా ఏ మందూ లేని సాక్షి నూలు గూడా ఎలుగుతాండాది. అట్ల ఎలిగిందంటే అది నీళ్లది కాదు, పట్టుకున్న చేతిది. ఇది పసుపు. ఈ నీళ్లల్లో సీసం లేదు."

"అంత ఖాయంగా చెప్తున్నావా? పట్టీ చెడిపోయిందని మళ్లీ చేస్తావా?"

"చేతులు కడుక్కోని ఇంకో పట్టీ ఏసి సూసుకోమని ఊళ్లల్లో చెప్తా. కానీ ఇప్పుడు అడుగుతాండారు కాబట్టి చెప్తాండా. లేదు మేడం."

మేడం తల బయటికి తీసింది. జుట్టు రేగిపోయి, కంబళి నూగు నుదుటికి అంటుకుని ఉంది. ధనుంజయ సారు వైపు చూసి, "చివరిది ఉత్త నీళ్లే" అంది. "అన్నీ సరిగ్గా చెప్పింది." తర్వాత దుర్గనడిగింది, "ఎవరి చెయ్యి అది?"

"మా అమ్మది. బొటనేలి మీద నూలు కోసిన గాటు ఉండాది, ముద్రలో అడ్డంగా కనపడతాండాది సూడండి." నా పిల్ల నా వేలిని చీకట్లో గుర్తు పట్టింది. "మన సీమలో పసుపంటని ఆడసెయ్యి యాడుంటాది మేడం? పట్టీలు పొయ్యేది ఆ సేతుల్లోకే. మా నాయన పసుపుతో ఒకసారి దెబ్బ తిన్నాక, పసుపు మానుకోండని ఊరూరు తిరిగి చెప్పలేను గదా. అందుకే సాక్షిని పెట్టినా."

మేడం చీర దులుపుకుంది, నా దగ్గరికొచ్చి నా చేయి తీసుకుని, బొటనవేలు తిప్పి చూసింది. "నేను అడగడానికి వచ్చిన ప్రశ్న ఇదేనమ్మా" అంది. "వచ్చే నెల కోసిగి నుంచే మొదలుపెడదాం" అని దుర్గతో అంది. ఆ మాట వినగానే నాకు పెద్దక్క కడవ కనబడింది, నీళ్లు నిండి, మూత పెట్టి, శివజ్యోతి చంకనెక్కి పోతూ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తిరగనీ, సంతోషానికి కూడా ముసుగెందుకు.

"మా, నువ్వు గూడా సూద్దువు రా" అని దుర్గ కంబళి అంచు ఎత్తి పట్టుకుంది. బోర్లా పడుకుని తల దూర్చాను. ఉన్ని వాసన, తడి నూలు వాసన, నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసన. వంగపండు వెలుగులో గ్లాసులు వరుసగా ఉన్నాయి, కొన్నిట్లో కనకాంబరం గీతలు, కొన్నిట్లో చీకటి. చివరి గ్లాసులో నా బొటనవేలు వెలుగుతోంది. గీతగీతా, గాటుతో సహా. దాని కిందే మా ఆయన నేసిన అంచు నిటారుగా, పోగు తప్పకుండా నిలబడి ఉంది. మా పుట్టింటి రంగులన్నీ ఎండకు వెలిసిపోయాయి, నేను అద్దిన నూలంతా ఎక్కడెక్కడి చీరలైందో తెలీదు. ఇది మాత్రం నాదని చీకట్లో రాసి ఉంది, చదివింది నా కూతురు.

కంబళి తీసి లేచి కూర్చున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చమ్మా" అంది మేడం నవ్వుతూ.

"నా నోరైతే మూయిచ్చినారు గానీ మేడం," అన్నాను, "నా సెయ్యి మాట్లాడింది సూడండి."

తిమ్మయ్య నవ్వు ఈసారి మీసం కింద ఆగలేదు, వీధిలోకి వినబడింది.